కుర్చీలోంచి కనిపించిన పాదాలు

గత మార్చి 8న మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు మహిళా దినోత్సవానికి నన్ను ఉపన్యాసానికి పిలిచారు. నిర్వాహకురాలు నా పాత విద్యార్థిని, అందుకని కాదనలేకపోయాను. కార్యక్రమాల పట్టికలో నా ఉపన్యాసం మధ్యాహ్నం మూడింటికి. దానికి పైన, పొద్దున్నించి సాయంత్రం దాకా సాగే మరో కార్యక్రమం ఉంది. ఉద్యోగినులకు కుర్చీ మసాజ్, మనిషికి పది నిమిషాలు, ఉచితం. నా ఉపన్యాసానికి నలభైమంది వచ్చారు. మసాజ్‌కి పేర్లిచ్చినవాళ్ళు వంద దాటారట. నేనేమీ చిన్నబుచ్చుకోలేదు. ముప్పై రెండేళ్ళు నల్లబల్ల మీద రాసీ, జవాబుపత్రాలు దిద్దీ నా కుడిభుజం ఎప్పుడో బిగుసుకుపోయింది. చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేక జుట్టు కత్తిరించుకున్నదాన్ని. ఉపన్యాసానికి ముందు ఇంకా టైముంది, మీరూ కూర్చోండి మేడమ్ అని మా అమ్మాయి అనగానే మొహమాటపడకుండా వెళ్ళి కూర్చున్నాను.

అది మామూలు కుర్చీ కాదు. ముందుకి వాలి, మోకాళ్ళు దిండుకి ఆనించి, మొహాన్ని ఒక గుండ్రటి మెత్త మీద పెట్టాలి. మెత్త మధ్యలో ఊపిరాడడానికి ఖాళీ ఉంటుంది. అందులోంచి నేల తప్ప ఇంకేమీ కనపడదు. ఆ నేల మీద నాకు రెండు పాదాలు కనిపించాయి. నల్లటి కాన్వాసు బూట్లు, ఒకటి చిటికెనవేలి దగ్గర చిరిగింది. నా భుజం మీద బొటనవేళ్ళు పనిచేస్తున్నంతసేపూ ఆ పాదాలు ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి బరువు మార్చుకుంటూనే ఉన్నాయి.

లేచాక నా చెయ్యి భుజం పైకి లేచింది. ఎన్నో నెలల తర్వాత. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పి తగ్గినందుకు కాదు, నా ఒంటికి ఒక నొప్పి ఉందని పని జరిగే చోట ఒకరు ఒప్పుకున్నందుకు. నేను ఉద్యోగం చేసిన అన్నేళ్ళలో స్టాఫ్‌రూంలో ఆడవాళ్ళ మెడనొప్పి, నడుంనొప్పి ఇంటి సంగతులే. కాబట్టి ఈ వ్యాసం ఆ సుఖానికి వ్యతిరేకం కాదు. ఆ సుఖాన్ని వివరిస్తూ కంపెనీ నా చేతికిచ్చిన రంగుల కరపత్రాన్నీ, ఆ కరపత్రంలో లేని పాదాల్నీ కలిపి చదవాలన్నదే నా ప్రయత్నం.

కరపత్రం చక్కటి ఇంగ్లీషులో ఉంది. మెడనొప్పి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, ఏకాగ్రత పెరుగుతుంది, సెలవులు తగ్గుతాయి, ఉద్యోగులు కంపెనీని విడిచిపోరు. మొదటి రెండు లాభాలూ కూర్చున్న మనిషివి, తర్వాతి మూడూ కంపెనీవి. అన్నీ ఒకే వరుసలో, ఒకే రంగులో. అంతకన్నా నన్ను ఆపేసింది వాక్యనిర్మాణం. ఒత్తిడి "తగ్గుతుంది", కండరాలు "వదులవుతాయి". ఎవరు తగ్గిస్తారు? వ్యాకరణం చెప్పి బతికినదాన్ని, కర్త కనపడకపోతే ముందు దాన్నే వెతుక్కుంటాను. ఫోటోలో కూడా కళ్ళు మూసుకుని నవ్వుతున్న ఒక ఉద్యోగిని ఉంది, ఆమె భుజాల మీద రెండు చేతులున్నాయి. మణికట్టు దాటాక ఫోటో అయిపోయింది.

మన భాషలో ఈ పని గురించి కర్త లేకుండా మాట్లాడడం అంత సులువు కాదు. ఒళ్ళు పట్టడం, కాళ్ళొత్తడం, తలంటడం, నలుగు పెట్టడం - ఏ మాట అన్నా ఎవరు ఎవరికి అన్నది వెంటనే కళ్ళముందుకొస్తుంది. కాళ్ళొత్తేది పెళ్ళాం, ఒత్తించుకునేది మొగుడు. క్యాలెండర్లలో పాలసముద్రం మీద కూడా అదే ఏర్పాటు. ఊళ్ళో పెద్దరైతులకి ఒళ్ళు పట్టింది మంగలి కులం మగవాళ్ళు. పురుళ్ళు పోసి, బాలింతకీ బిడ్డకీ నూనె రాసి నీళ్ళు పోసింది చాలా ఊళ్ళలో ఆ కులం ఆడవాళ్ళు, కొన్నిచోట్ల దళిత స్త్రీలు. తలంటే అమ్మ చెయ్యి ఒక్కటే కులానికీ కూలికీ అవతల ఉన్నట్టు కనిపిస్తుంది. అది కూడా లెక్కలోకి రాని చాకిరీయేనని స్త్రీవాదం వచ్చాక గాని మనకు తెలీలేదు.

మసాజ్ అనే మాట ఈ సంబంధాలన్నిటినీ కడిగేసి, ఇంకో మచ్చ అంటించుకొచ్చింది. మసాజ్ పార్లర్ అనగానే పత్రికల్లో పోలీసుల దాడి, చున్నీతో మొహం కప్పుకున్న అమ్మాయిల ఫోటో గుర్తుకొస్తాయి. ఆ చూపు ఎంత దూరం పోతుందో 2021 మార్చి 16న అమెరికాలో చూశాం. అట్లాంటా ప్రాంతంలోని మూడు స్పాలలో ఒక యువకుడు ఎనిమిదిమందిని కాల్చిచంపాడు. వాళ్ళలో ఆరుగురు ఆసియా సంతతి స్త్రీలు. తనని ప్రలోభపెట్టే చోట్లని లేకుండా చెయ్యాలనుకున్నానని అతను చెప్పినట్టు పోలీసులే ప్రకటించారు.

నేను కూర్చున్న కుర్చీ పుట్టుకలో ఈ మచ్చని తప్పించుకునే ప్రయత్నం కూడా ఉంది. 1980లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ పామర్ అనే మసాజ్ శిక్షకుడు ఈ పద్ధతిని రూపొందించాడు. బట్టలు విప్పనక్కర్లేదు, నూనె అక్కర్లేదు, తలుపు మూసిన గది అక్కర్లేదు. నలుగురూ చూస్తుండగా, కూర్చోబెట్టి, పావుగంటలో ముగించొచ్చు. 1985లో యాపిల్ కంపెనీ వాళ్ళ ఆఫీసుకి దీన్ని తీసుకెళ్ళాడు. 1986లో ఈ ప్రత్యేకమైన కుర్చీ వచ్చింది. అనుమానాన్ని తొలగించిన ఏర్పాటే మరో పని కూడా చేసింది. చేయించుకునేవాళ్ళు చేసేవాళ్ళ మొహం చూడాల్సిన అవసరం లేకుండా పోయింది.

అయితే ఆ చేతుల్ని మనిషిగా లెక్కపెట్టిన సందర్భం కూడా ఒకటుంది. 1999లో గూగుల్‌లో దాదాపు నలభైమందే ఉన్నప్పుడు బానీ బ్రౌన్ అనే ఆవిడ వారానికి 450 డాలర్ల పార్ట్‌టైమ్ జీతానికి అక్కడ మసాజ్ చేసే పనిలో చేరింది. జీతంతోపాటు ఇంజనీర్లకిచ్చినట్టే ఆమెకీ కంపెనీ వాటాల మీద హక్కు ఇచ్చారు. ఐదేళ్ళకి ఆమె సంపన్నురాలై ఉద్యోగం మానేసి, తన అనుభవాల మీద పుస్తకం కూడా రాసింది. పత్రికలు దీన్ని అదృష్టకథగా రాసుకున్నాయి. నాకిందులో అదృష్టం కన్నా కాగితం ముఖ్యమనిపిస్తుంది. ఆమె కంపెనీ కాగితాల్లో ఉద్యోగి. అందుకే సంపద పెరిగితే ఆమెకీ వాటా వచ్చింది. అదే గూగుల్ 2023 జనవరిలో 12 వేల ఉద్యోగాలు తీసేసినప్పుడు కాలిఫోర్నియాలో పోయినవాటిలో రెండు డజన్లకు పైగా మసాజ్ థెరపిస్టులవి. ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువైన నెలలో, ఒత్తిడి తగ్గించే చేతులు అక్కర్లేకపోయాయి.

ఇక లాభాల సంగతి. కరపత్రం పరిశోధనలు నిరూపించాయంటుంది. ఈ రంగంలో బాగా ఉదహరించే పరిశోధన ఒకటి 1996లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం చేసింది. 26 మందికి పావుగంట చొప్పున వారానికి రెండుసార్లు, ఐదు వారాలపాటు కుర్చీ మసాజ్ చేశారు. మరో 24 మందిని అంతేసేపు అదే కుర్చీలో ఊరికే విశ్రాంతిగా కూర్చోబెట్టారు. మసాజ్ చేయించుకున్నవాళ్ళలో ఆందోళన తగ్గింది. లెక్కలు ఇస్తే ముందుకన్నా త్వరగా, తక్కువ తప్పులతో చేశారు. పని ఒత్తిడి కూడా వాళ్ళలోనే తగ్గింది. మేలు నిజమేనన్నమాట, అది కేవలం ప్రచారం కాదు. కానీ ఒళ్ళు పట్టించుకున్న మనిషిని లేపి లెక్కలు చేయించడం చూడండి. తలంటుకున్న పిల్లని అమ్మ పడుకోబెడుతుంది. ఇక్కడ పరీక్ష పెట్టారు.

ఆ పరిశోధనలోనే ఎవరూ అంతగా ఎత్తిచూపని ఇంకో ఫలితం ఉంది. ఐదు వారాలయ్యేసరికి దిగులు రెండు బృందాల్లోనూ తగ్గింది. అంటే మసాజ్ లేకుండా ఊరికే కూర్చున్నవాళ్ళలో కూడా. పని మధ్యలో పావుగంట ఎవరూ ఏమీ అడగకుండా కూర్చోనిచ్చినందుకేనేమో అనిపిస్తుంది నాకు. ఆ మాట మాత్రం ఏ కంపెనీ కరపత్రంలోకీ ఎక్కదు. ఊరికే కూర్చునే హక్కుని ఏ ఏజెన్సీ అమ్మగలదు?

2024లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 46 వేల మందికి పైగా ఉద్యోగుల సమాధానాలు పరిశీలించాడు. ధ్యానం, విశ్రాంతి తరగతులు, ఒత్తిడిని తట్టుకునే శిక్షణ, ఫోన్ యాప్‌ల వంటివాటిలో పాల్గొన్నవాళ్ళకీ పాల్గొననివాళ్ళకీ మానసిక స్థితిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందులో మసాజ్ గురించి విడిగా లేదు గాని, సూత్రం ఒకటే. పనిభారం, పనిగంటలు, పైవాళ్ళ ప్రవర్తన మారకుండా మనిషిని మాత్రం మరమ్మతు చేసి మళ్ళీ అదే పనిలో కూర్చోబెట్టడం. భర్త కొట్టిన చోట కాపడం పెట్టి, సర్దుకుపొమ్మని పంపించే పుట్టింటి తీరు మనకు కొత్తదేమీ కాదు.

ఈ చేతుల గురించి ఆలోచించడానికి నాకు రెండు పుస్తకాలు పనికొచ్చాయి. విమాన పరిచారికల నవ్వు వెనక ఉన్న శ్రమని ఆర్లీ హోషీల్డ్ 1983లో "ద మేనేజ్డ్ హార్ట్"లో చూపించింది. ఉద్యోగం కోసం మనసుని అదుపులో పెట్టుకోవడం కూడా పనేనని, దాన్నీ యజమాని కొనుక్కుంటున్నాడని చెప్పింది. 2010లో మిలియన్ కాంగ్ "ద మేనేజ్డ్ హ్యాండ్" రాసింది. న్యూయార్క్‌లో గోళ్ళు తీర్చిదిద్దే దుకాణాల్లో పనిచేసే కొరియన్ వలస స్త్రీల గురించి. మనసుతోపాటు శరీరం కూడా ఇందులో ఉందంటుందామె. జీతం కోసం పరాయి ఒంటిని తాకాలి, ఆ తాకిడి వల్ల తనకి కలిగేవీ, ఎదుటివాళ్ళకి కలిగేవీ భావాలన్నిటినీ సంభాళించుకోవాలి. తాకేవాళ్ళ జాతీ తాకించుకునేవాళ్ళ వర్గమూ ఆ తాకిడికి అర్థాన్ని నిర్ణయిస్తాయి. జాతి అన్నచోట మనం కులం అని చదువుకుంటే చాలు.

మన సాహిత్యంలో ఈ చెయ్యి ఎక్కడుంది? శరీరాన్ని రాజకీయంగా చదవడం మాకు మన కవయిత్రులే నేర్పారు. జయప్రభ "చూపులు", కొండేపూడి నిర్మల "లేబర్ రూం", విమల "వంటిల్లు", ఓల్గా "రాజకీయ కథలు" - ఇవి రాకపోతే నా తరం ఆడవాళ్ళకి ఒళ్ళంటే సిగ్గుపడాల్సిన విషయంగానే మిగిలేది. కానీ ఈ మధ్య వాటిని తిరిగి తలుచుకుంటుంటే ఒకటి తోచింది. నేను పాఠం చెప్పినప్పుడల్లా వాటిలో చూపుల పాలైన శరీరం, నొప్పులు పడిన శరీరం, వండి అలిసిన శరీరం గురించే మాట్లాడాను. కూలికి మరొక స్త్రీ శరీరాన్ని ముట్టుకుని, కడిగి, పట్టి బతికిన చేతుల గురించి ఒక్క ప్రశ్న కూడా పిల్లల్ని అడగలేదు. గోగు శ్యామల సంపాదకత్వంలో "నల్లపొద్దు" వచ్చినప్పుడు దళిత స్త్రీలు మనల్ని నిలదీసింది ఇలాంటి చోటే. అక్కచెల్లెళ్ళమని మనం చేతులు కలుపుతున్నప్పుడు ఏ చెయ్యి ఏ పనిచేసి వచ్చిందో చూశారా అని. ఆ విమర్శని నేను వ్యాసాల్లో ఒప్పుకున్నాను. ఇంటికి మాత్రం తీసుకెళ్ళలేదు.

ఉపన్యాసం అయ్యాక మెట్ల దగ్గర ఆ కాన్వాసు బూట్లు మళ్ళీ కనిపించాయి. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. చల్లటి నీళ్ళ సీసాని బొటనవేలి మొదట్లో అదిమి పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. నన్ను చూసి లేవబోతే వద్దని నేనూ పక్కన కూర్చున్నాను.

"ఎంతమందికి చేశావమ్మా?"

"పొద్దుగాల పదింటి సంది ముప్పై రెండు మంది అయిన్రు మేడమ్."

"నొప్పెట్టదా?"

"బొటనేలు గుంజుతది. మోచేతితోని చెయ్యాలని ట్రైనింగుల చెప్పిన్రు గని, పది నిమిషాలల్ల అందరికీ గట్ల కుదరది."

"మరి నీకెవరు పడతారు?"

నవ్వింది. "మాకెవరు పడ్తరు మేడమ్!" కాసేపాగి తనే అంది. "మా నాయనమ్మ మంత్రసాని. ఊళ్ళె అందరి పిల్లలకు ఆమెనే నీళ్ళు పోసేది. మా నాయిన ఈ పని వద్దు, సదువుకో అన్నడు. డిగ్రీ అయింది. మళ్ళ గిదే పని దొరికింది. గిప్పుడు యూనిఫారం ఉన్నది, గంతే."

మెట్లు తుడుస్తున్న ఆవిణ్ణి, మీరూ పేరిచ్చారా అని అడిగాను. మాకు లేదమ్మా, మా కార్డు రంగు వేరు అని మెడలోని బిళ్ళ చూపించింది. రోజంతా వంగి నేల తుడిచే నడుముకి మసాజ్ అవసరం లేదని ఆ రంగు నిర్ణయించింది. మహిళా దినోత్సవం ఆ భవనంలో ఉన్న మహిళలందరిదీ కాదన్నమాట.

అప్పుడు నాకు కేరళ గుర్తొచ్చింది. కోళికోడ్ బట్టల దుకాణాల్లో పొద్దున్నించి రాత్రి దాకా నిలబడే స్త్రీలు, విజి నాయకత్వంలోని "పెణ్‌కూట్టు" సంఘంగా ఏర్పడి ఏళ్ళ తరబడి పోరాడారు. వాళ్ళడిగింది చిన్న కోరిక - మూత్రవిసర్జనకి వీలు, కూర్చోడానికి ఒక స్టూలు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి ఉద్యోగులకి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది. వాళ్ళెవరూ మసాజ్ అడగలేదు. కాలునొప్పి తగ్గించమనలేదు, కాలునొప్పి పుట్టించే ఏర్పాటు మార్చమన్నారు. మసాజ్ కుర్చీకీ ఆ స్టూలుకీ ఉన్న తేడా ఇదే. మొదటిది యజమాని ఇస్తే వస్తుంది, రేపు ఖర్చు తగ్గించుకోవాలంటే పోతుంది. రెండోది చట్టంలో ఉంది.

ఇంతా రాసి నా సంగతి దాచుకుంటే న్యాయం కాదు. 1984లో తెనాలిలో నా మొదటి పురుడయ్యాక నలభై రోజులపాటు ఒక పెద్దావిడ వచ్చేది. తెల్లవారుజామునే వచ్చి, కాళ్ళు చాపుకుని పీట మీద కూర్చుని, పసిదాన్ని కాళ్ళ మీద వేసుకుని నూనె పట్టి నీళ్ళు పోసేది. తర్వాత నా నడుం పట్టేది. ఆ చేతులు లేకపోతే నేను అంత త్వరగా లేచి కాలేజీకి వెళ్ళగలిగేదాన్ని కాదు. పెరట్లోనే విస్తట్లో ఫలహారం పెట్టేవాళ్ళు. వెళ్ళేటప్పుడు చీరా, కొంత డబ్బూ ఇచ్చారు. ఆ తర్వాత పదేళ్ళకి నేను పాలసముద్రం క్యాలెండర్ మీద వ్యాసం రాశాను. లక్ష్మి చేతులు నొప్పెట్టవా అని. బాగుందని చాలామంది ఉత్తరాలు రాశారు. మా ఇంట్లో నా నడుం పట్టిన చేతులు నొప్పెట్టాయా అని మాత్రం నాకు ఆ వ్యాసంలో తట్టలేదు. ఆవిణ్ణి ఇంటిల్లిపాదీ కులం పేరుతోనే పిలిచేవాళ్ళం. పేరు నాకు తెలియదు. చెప్పగలిగిన అమ్మ ఇప్పుడు లేదు.

అందుకే మా అమ్మాయికి ఉత్తరం రాశాను. మసాజ్ మానెయ్యమని కాదు. అది నెలకోసారి ఉండాలని, రంగు కార్డులతో పని లేకుండా తుడిచేవాళ్ళకీ, కాపలావాళ్ళకీ, క్యాంటీన్ వాళ్ళకీ ఉండాలని రాశాను. ఆ పది నిమిషాలూ పనిగంటల్లోనే లెక్కకట్టాలని, చేసే అమ్మాయికి ఇంతమందికి మించకూడదని హద్దుండాలని, మధ్యలో కూర్చోడానికి చోటుండాలని రాశాను. ఇష్టం లేనివాళ్ళు వద్దంటే ఎందుకని అడక్కూడదని కూడా. తాకిడి ఎంత మంచిదైనా ఒప్పుకోలు లేకపోతే మంచిది కాదు కదా.

జవాబు వెంటనే వచ్చింది. తుడిచేవాళ్ళ విషయం పైవాళ్ళతో మాట్లాడతానంది. మసాజ్ అమ్మాయిల పనిగంటల గురించి మాత్రం, వాళ్ళు ఏజెన్సీ మనుషులు మేడమ్, మా ఉద్యోగులు కారు అని రాసింది. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్ళని కూడా ఉద్యోగులనే అంటుంది, వేధింపుకి మీ మనిషైనది అలసటకి ఎందుకు కాదు అని మళ్ళీ రాశాను. దానికింకా జవాబు రాలేదు. తప్పు ఆమెది కాదని నాకు తెలుసు. ఆ పిల్లదీ ఉద్యోగమే.

ఆ ఉత్తరం రాస్తున్నప్పుడు ఒకచోట కలం ఆగింది. నా భుజం పట్టిన అమ్మాయి గురించి రాయాలి. యూనిఫారం మీద పేరు బిళ్ళ ఉంది. మెట్ల మీద పక్కనే కూర్చుని అంతసేపు మాట్లాడి, దాన్ని నేను చదవలేదు. పేరేమిటని మా అమ్మాయిని అడిగాను. ఏజెన్సీని కనుక్కుని చెప్తానంది.